కళ్ళారా చూసిన ఎలుగుబంటి

భయస్తుల్లో కేకలు పెట్టేవాళ్ళు కొందరుంటారు, వివరాలు చెప్పేవాళ్ళు కొందరుంటారు. నేను వివరాల వర్గం. ఇంట్లోకి ఏ ప్రాణి దూరినా ముందు ఎత్తుగా ఉన్న చోటు చూసుకుంటాను. అది ఎక్కి కుదురుకున్నాక ఆ ప్రాణి జాతి, తిండి, సంతానం, వన్యప్రాణి చట్టంలో దానికున్న హోదా, అన్నీ వరసగా చెప్పడం మొదలుపెడతాను. ఉపన్యాసం సగానికి వచ్చేసరికి మా ఆవిడ చీపురుకట్టో గడకర్రో పుచ్చుకుని, వచ్చిన అతిథిని సాగనంపి, చేతులు కడుక్కుని, పొయ్యి మీద మాడుతున్న కూర దగ్గరికి వెళ్ళిపోతుంది. మిగతా సగం నేను గోడకి చెప్పుకుంటాను.

మాది విజయనగరం. కోటకి నడిచి వెళ్ళేంత దూరంలో పాత పెంకుటిల్లు. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన అడవల్లా అయ్యకోనేరు గట్టు మీది తుప్పలే. మా ఆవిడది ఉద్దానం. అక్కడ గుంటలు నడక నేర్చేసరికే జీడితోటలో ఏ అలికిడి దేనిదో చెప్పేస్తారు. మా సంబంధం కుదిర్చిన పెద్దలు నక్షత్రాలు కలిశాయో లేదో చూశారు గానీ ఈ సంగతి ఆలోచించలేదు.

బల్లితో మొదలుపెడతాను, పెద్దవాటి దాకా వెళ్ళడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి కదా. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలని ఒక పట్టిక ఉంటుంది. ఒంటిమీద ఎక్కడ పడితే ఏం జరుగుతుందో మగవాళ్ళకి వేరే, ఆడవాళ్ళకి వేరే. అదంతా ఒట్టిదనీ, ఇంటిబల్లికి విషమే లేదనీ, ఆపదలో అది తోకని తెంపుకుని పారిపోతుందనీ, తెగిన తోక గిలగిలా కొట్టుకుంటుంటే శత్రువు దానికేసి చూస్తూ ఉండిపోతాడనీ మా అమ్మకి వివరిస్తున్న సమయంలోనే దూలం మీంచి ఒకటి నా మీద పడింది. ఆ తర్వాత జరిగిన నాట్యాన్ని వర్ణించను. అమ్మ మాత్రం పంచాంగం తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, నింపాదిగా అడిగింది: “ఎక్కడ పడిందిరా?” ఏం చెప్పను? కుడిభుజం మీద పడింది, మెడ దాటింది, బనీను లోపల వీపంతా పర్యటించి ఎడమ చేతిమీదుగా దిగిపోయింది. పంచాంగకర్త పడ్డ చోటుకే ఫలం రాశాడు, పడ్డాక చేసే ప్రయాణానికి రాయలేదు. చివరికి అమ్మ నన్ను ఎదురింటి మామ్మగారి దగ్గరికి పంపింది. ఆవిడ కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చారట, ఆవిణ్ణి ముట్టుకుంటే దోషం పోతుందట. శాస్త్రీయ దృక్పథం గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి, వెళ్ళి ముట్టుకుని వచ్చాను. ఎందుకైనా మంచిదని.

ఒక వానాకాలం పొద్దున్న స్నానాల గది తూములోంచి పాము వచ్చింది. ఆ సమయానికి నేను లోపలున్నాను. బయటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఒంటిమీద తువ్వాలు ఉన్న మాట నిజమేనని మా ఆవిడ తర్వాత ధ్రువీకరించింది.

“జెర్రిపోతు,” అన్నాను భోజనాల బల్ల మీంచి. “విషం ఉండదు. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది. ఎలుకల్ని తింటుంది. రైతుకి నేస్తం.”

“నేస్తమే కదా, దిగొచ్చి పలకరించండి,” అంది మా ఆవిడ గడకర్ర అందుకుంటూ. “అయినా జెర్రిపోతని ఎలా తెలిసింది మీకు? చూశారేటి?”

చూడలేదు. తోక కనిపించగానే పరుగెత్తాను. కానీ ఒప్పుకుంటే జ్ఞానానికి మచ్చ. అందుకని మాట మార్చి, మన దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ భాగానికి నాలుగే జాతులు కారణమనీ, అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనీ చెప్పాను.

“నాగుపాము కాదని ఎలా చెప్తన్నారు?”

“పడగ విప్పలేదు కదా.”

“విప్పేదాకా ఆగుతారేటి?” అని ఆవిడ లోపలికి వెళ్ళింది. పాము నిజంగానే జెర్రిపోతు. పొలాల్లో రెండు జెర్రిపోతులు మెలిక పడి పైకి లేస్తే జనం సరసమనుకుని, అదృష్టం కలిసొస్తుందని పైన గుడ్డ పరుస్తారనీ, నిజానికి అవి రెండూ మగవేననీ, ఆడపాము కోసం కుస్తీ పడుతుంటాయనీ నేను బల్ల మీంచి గట్టిగా చెబుతూ ఉండగా, ఆవిడ దాన్ని కర్రతో నెమ్మదిగా పెరటి కాలవలోకి దారి పట్టించి, తూముకి రాయి అడ్డం పెట్టేసింది. “కుస్తీయో సరసమో, మన తూములో కాకపోతే చాలు,” అంది. తూముకి జాలీ బిగించమని ఎండాకాలం నుంచీ పోరుతోందని కూడా అప్పుడే గుర్తు చేసింది. ఆ విషయంలో నా దగ్గర వివరాలేవీ లేవు.

అటక మీది అతిథి కథ వేరు. అందులో నాకు భయంతో పాటు ఆశ కూడా పుట్టింది. అర్ధరాత్రి దాటాక పైన ఎవరో బరువుగా నడుస్తున్న చప్పుడు. మా అమ్మ హనుమాన్ చాలీసా అందుకుంది. నేను దుప్పటి లోంచే ఎలుకలని తీర్పు చెప్పాను. మర్నాడు మా ఆవిడ నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే పాత ట్రంకుపెట్టె పక్కన గింజలతో కలిసిన రెట్ట కుప్పలు. “మానుపిల్లి,” అంది, నన్ను అడక్కుండానే.

పుస్తకం తీశాను. మానుపిల్లి రాత్రిపూట తిరుగుతుంది, చెట్ల మీదా ఇళ్ళ కప్పుల్లోనూ ఉంటుంది, పళ్ళంటే ప్రాణం, తాటిచెట్టుకి కట్టిన కల్లుకుండల్ని కూడా వదలదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతి వాక్యం నా జీవితాన్ని మార్చేసింది. ఇండోనేషియాలో ఈ జాతి జంతువే కాఫీ పళ్ళు తిని విసర్జించిన గింజల్ని ఏరి, కడిగి, వేయించి, కోపీ లువాక్ అనే పేరుతో అమ్ముతారట. ప్రపంచంలో అతి ఖరీదైన కాఫీల్లో అదొకటి.

నేను పుస్తకం మూసి పైకి చూశాను. అటక మీద మానుపిల్లి. కొండెక్కితే అరకు కాఫీ. నడుమ నేను. ఇంతకాలం ఎవరికీ తట్టని వ్యాపారం నాకు తట్టింది. మా ఆవిడతో పైకి పంపాను ఒక పళ్ళెం నిండా అరకు కాఫీ గింజలు, వేయించినవి, ఎందుకంటే బజార్లో దొరికినవి అవే. మానుపిల్లి తినేది చెట్టు మీద ఎర్రగా ముగ్గిన పండునని, కాల్చిన గింజని కాదని పుస్తకంలో ముందే ఉంది. చదివేటప్పుడు నా దృష్టి ధర దగ్గరే ఆగిపోయింది. అది గింజల్ని వాసన కూడా చూడలేదు. దిగివచ్చి, సత్యనారాయణ వ్రతానికి తెచ్చిన అరటి గెలలో పండిన వరసంతా తినేసి, దానికి బదులుగా ఇవ్వవలసినదేదో అటక మీద ఇచ్చింది.

“ఏటండీ, మీ ఎగుమతి సరుకు ఎక్కువైపోతంది. ఎక్కి కడగండి,” అంది మా ఆవిడ బకెట్టు చేతికిస్తూ. మానుపిల్లి ఊరు తిరగడానికి పోయే వేళ చూసి, అది వచ్చే పెంకు సందుని ఆవిడే మూయించింది. లోపల కూనలు లేవని ముందు చూసుకుంది. నాకా ఆలోచనే రాలేదు.

మా ఇద్దరి పుట్టినూళ్ళ వైపు జంతువులు ఇళ్ళదాకా రావడం కొత్తేమీ కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి, ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలది ఇదే వరస. ఇలాంటివి నాకు ఇష్టమే, అవి చెట్టు మీదా నేను కిందా ఉంటాం. అసలు ఇబ్బంది నేలమీద నడిచేవాటితో. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగుల గుంపు కురుపాం, కొమరాడ పొలాల్లో తిరుగుతోందని పేపర్లో వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో ఒక దగ్గరి బంధువు పెళ్ళికి నేను జ్వరం వల్ల వెళ్ళలేకపోయాను. 2022లో కాకినాడ జిల్లా వైపు నుంచి తిరుగుతూ తిరుగుతూ ఓ పెద్దపులి మా జిల్లాలోకి అడుగుపెట్టినప్పుడు పొద్దుటి నడక మానేశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. పులి ఉన్నది మా ఊరికి చాలా దూరంలో కదా అంది మా ఆవిడ. పులి ఒక్క రాత్రిలో ఎంత దూరమైనా నడవగలదని వివరించాను.

ఉద్దానం ఎలుగుల సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఇటు మహేంద్రగిరి కొండల వరస, అటు సముద్రం, మధ్యలో కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తాతల నాటి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. మా మావగారు తమ తోటలోకి చాలా రోజులు వెళ్ళలేకపోయారు. తోటలు తిరిగి లేచాయి, ఎలుగులు ఎప్పట్లాగే వస్తున్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ఎలుగు దాడిలో చనిపోయాడు, ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు, మత్తుమందిచ్చి పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. ఎలుగుకి చూపు తక్కువ. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించాక బెదిరి మీద పడుతుంది. అందుకే అక్కడ వేకువన జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళేవాళ్ళు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు. మా మావగారు ఒంటరిగా వెళ్ళవలసి వస్తే పాట అందుకుంటారు. ఆ పాట విన్నవాళ్ళెవరికీ ఎలుగు ఎందుకు రాలేదన్న సందేహం కలగదు.

ఒక వేసవిలో మేం పలాసలో రైలు దిగి ఉద్దానం వెళ్ళేసరికి, మా అత్తగారు నాకోసమని పనసపండు ముగ్గబెట్టి ఉంచారు. రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో నులకమంచాలు వేసుకుని కూర్చున్నాం. మాటల్లో ఎలుగు ప్రస్తావన వచ్చింది. ఇక నేను ఆగుతానా! ఎలుగు రొమ్ము మీద తెల్లటి మచ్చ ఉంటుందని, పై వరసలో ముందుపళ్ళు రెండు ఉండవని, ఆ సందులోంచే చెదపురుగుల్ని గాలితో జుర్రుకుంటుందని, మట్టి లోపలికి పోకుండా ముక్కురంధ్రాలు మూసుకోగలదని, ఆ జుర్రే చప్పుడు నూరు మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుందని, తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద మోస్తుందని చెప్పాను. 1791లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దాని గోళ్ళు చూసి, దక్షిణ అమెరికాలో కొమ్మలకి వేలాడే బద్ధకపు జంతువుకి చుట్టమనుకుని ఆ పేరే పెట్టేశాడని కూడా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మా ఆవిడ నాయనమ్మ మాత్రం, “ఆయన ఇక్కడికొచ్చి ఓపాలి పరుగెట్టి సూడాల్సింది, బద్దకమేటో తెలిసేది,” అంది.

అందరూ వాకిట్లో పడుకున్నారు. నాకు మంచు పడదని చెప్పి పంచలో మంచం వేయించుకున్నాను. మే నెల ఆఖరు. మంచు గురించి ఎవరూ ఏమీ అడగలేదు, అల్లుణ్ణి కదా.

ఏ ఝామునో మెలకువ వచ్చింది. చప్పుడు. ఊదినట్టు, ఆ వెంటనే పీల్చినట్టు. మావగారి గురక అనుకున్నాను. కానీ అది పెరటి అరుగు వైపు నుంచి వస్తోంది, ఆ అరుగు మీదే నా పనసపండు ఉంది. అప్పుడు నా జ్ఞానమంతా ఒక్కసారిగా అక్కరకొచ్చింది. నూరు మీటర్ల దూరానికి ఈ చప్పుడు సన్నగా వినిపించాలి. ఇది సన్నగా లేదు. ముందుపళ్ళు రెండు లేని ఏదో ప్రాణి నాకు ఒక గోడ అవతల పనసతొనలు జుర్రుకుంటోంది. మెదడు ఇన్ని లెక్కలు కడుతూ ఉండగానే మిగతా ఒళ్ళు సొంతంగా నిర్ణయం తీసుకుని మంచం కిందికి చేరిపోయింది. జీవితంలో మొట్టమొదటిసారి నేను ఎత్తైన చోటు వెతకలేదు.

మంచం కింద జీడిపిక్కల గోనెసంచి ఒకటి ఉంది. దాన్ని ముందుకి లాక్కున్నాను. అక్కణ్ణుంచి నాకు కనబడినవి మంచంకోళ్ళు, ఒక ఇత్తడి చెంబు అడుగు, ఎవరివో చెప్పులు. మిగతాదంతా చెవులతోనే. మావగారి దగ్గు. టార్చి మీట నొక్కిన చప్పుడు. “కదలకండి, దగ్గిరికెల్లకండి,” అని అత్తగారు. కంచం మీద గరిటెతో మా ఆవిడ దరువు. అన్నిటికంటే పైన మా ఆవిడ నాయనమ్మ గొంతు, ఎవరో చుట్టాన్ని బస్సెక్కిస్తున్న ధోరణిలో: “తిన్నావు కదా జాంబవంతుడా, ఎల్లిపో బాబూ, ఎల్లిపో, తల్లి ఎదురు సూత్తాది.” కాసేపటికి తుప్పల్లో బరువైన అలికిడి, కుక్కల మొరుగుడు, ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడ్డం.

“అల్లుడుగోరేరీ?” అన్నారు అత్తగారు.

టార్చి వెలుగు పంచలోకి వచ్చేసరికి నేను గోనెసంచి పక్కనించి పాక్కుంటూ బయటపడ్డాను. “కళ్ళజోడు పడిపోయింది, వెతుకుతున్నాను,” అన్నాను. మా ఆవిడ వెలుగుని నా ముఖం మీద నిలిపింది. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఆవిడ ఏమీ అనకుండా టార్చి ఆర్పేసింది. పెళ్ళినాటి ప్రమాణాల్లో ఇది ఏ ప్రమాణం కిందికి వస్తుందో తెలీదు గానీ, ఆ చీకటికి నేను రుణపడి ఉన్నాను.

అంటే, ఆ ఇంట్లో ఎలుగు గురించి అన్నీ తెలిసినవాణ్ణి నేను. దాన్ని చూడనివాణ్ణీ నేనే.

అల్లుడు జడుసుకున్నాడని అత్తగారు పట్టుబట్టి, తిరుగు ప్రయాణంలో శ్రీకూర్మం తీసుకెళ్ళారు. రెండు ధ్వజస్తంభాలతో, పడమటి ముఖంగా కొలువైన కూర్మనాథస్వామి. దండం పెట్టుకుని బయటికొస్తే, గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళు. అందులో ఒకటి మెడ చాపి తోటకూర నములుతోంది. నేను వంగి చూశాను. అది నన్ను చూసి, కాళ్ళూ తలా లోపలికి లాక్కుని డొప్పలో దాక్కుంది. నన్ను చూసి భయపడిన ప్రాణి అదొక్కటే. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇక్కడితో అయిపోతే ఇందులో చెప్పుకోవలసిన తప్పేమీ లేదు. విజయనగరం వచ్చాక ఆఫీసులో, “ఉద్దానం వెళ్ళారట, ఎలుగులు కనబడ్డాయా?” అని ఎవరో మాటవరసకి అడిగారు. “ఎందుకు కనబడవు!” అన్నాను. అబద్ధం కాదు, ప్రశ్నకి ప్రశ్న. కానీ టీ తెచ్చిన కుర్రాడు కూడా ఆగి వినేసరికి నాలో ఏదో మేల్కొంది. ఎలుగు అరుగు దగ్గరికి వచ్చింది. మరుసటి వారానికి నా మంచం దగ్గరికి వచ్చింది. ఆపై వారం వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. సోంపేట నుంచి వచ్చిన గుమస్తా ఒకాయన అనుమానంగా చూసి, “రొమ్ము మీద మచ్చ చూశారా?” అన్నాడు. అదెంత పని! తెల్లమచ్చ, దాని వంపు, పైన లేని రెండు పళ్ళు, వంకర గోళ్ళు, అన్నీ పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాను. ఆయన తల పంకించాడు. ఎలుగుని నిజంగా చూసినవాళ్ళెవరూ అంత వివరంగా చెప్పలేరన్న సంగతి ఆయనకి తట్టలేదు. మా మావగారినే అడిగితే “నల్లగా ఉంది” అంటారు, అంతే.

బొబ్బిలిలో ఆఫీసువాళ్ళ పెళ్ళి. మా ఆవిణ్ణి తీసుకెళ్ళకుండా ఉండడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. భోజనాల దగ్గర సోంపేట గుమస్తా సరిగ్గా ఆవిడ ఎదుటి బల్లకే కూర్చున్నాడు.

“అమ్మా, ఆ రాత్రి ఎలుగొచ్చినప్పుడు మావాడు నిజంగా అంత ధైర్యంగా ఉన్నాడా?”

పులిహోర నా గొంతులో ఆగిపోయింది. మా ఆవిడ అరిటాకు మీంచి తల ఎత్తింది. నాకేసి ఒకసారి చూసింది.

“మా ఆయనాండీ? ఎలుగొచ్చి ఎల్లిపోయేదాకా ఉన్న చోటినించి అంగుళం కదల్లేదు,” అంది.

బల్లంతా మెచ్చుకోలుగా గుసగుసలాడింది. సోంపేట ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆవిడ అప్పడం విరుచుకుని పప్పులో నంజుకుంది.

తిరుగు బస్సులో షరతులు తేలాయి. స్నానాల గది తూముకి జాలీ ఆదివారం లోగా. అటక కడగడం ఏటా నాదే. ఎలుకబోను ఖాళీ చేసే ఉద్యోగం ఇకమీదట శాశ్వతంగా నాది. నేను బేరమాడలేదు. ఆడితే బొబ్బిలికి ఫోను ఒక్కటి చాలు.

నిన్న పొద్దున్న బోనులో పడింది. ఎలుక కాదు, పందికొక్కు. నేను బోను దాకా వెళ్ళాను, అది గుర్రుమంది, నేను వంటింటి గట్టెక్కాను. “ఇది ఎలుకల్లోకెల్లా పెద్ద జాతుల్లో ఒకటి. కిలో బరువు దాకా తూగుతుంది. కోపం వస్తే ఇదుగో ఇలా గుర్రుమంటుంది. నేల లోపల బొరియ తవ్వి అందులో ధాన్యం…”

మా ఆవిడ పెరటి తలుపు బార్లా తీసి పట్టుకుంది.

“ఏటండీ, ఈపాలి కాస్త కదలండి.”